మొగిలి నెత్తురు

నెత్తురు తీసుకునేటప్పుడు ఎవరైనా తియ్యగానే మాట్లాడతారు. సుగుణ కూడా అలాగే మాట్లాడింది. కాకపోతే తాను చెప్పేది నిజమేనని నమ్మి మరీ చెప్పింది. అదే ఆమె కొంప ముంచింది.

డెబ్బైనాలుగులో, ఎండలు ఇంకా ముదరకముందు, ధర్మసాగర్ చెరువు కింద ఉన్న ఒక చిన్న పల్లెకు పరిశోధన కేంద్రం వాళ్ల జీపు వచ్చింది. హన్మకొండలో కొత్తగా పెట్టిన కేంద్రం అది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి నెత్తురు ఎలా ఉందో పరీక్ష చేసి, వేలమంది వివరాలు ఒక్కచోట పోగెయ్యడం దాని పని. జీపు దుమ్ము కనిపించగానే సగం ఊరు చేలల్లోకి జారుకుంది. మిగతా సగం తలుపులు బిడాయించుకుంది. డాక్టర్లు ఎండలో కుర్చీలు వేసుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకు, ఆ ఊరికి ఒక నర్సు ఉందని.

సుగుణది వరంగల్ మట్టెవాడ. తండ్రి లక్ష్మీనారాయణకు అక్కడ కిరాణం దుకాణం. ఆ దుకాణంలో తక్కెడ ఎప్పుడూ కొనేవాళ్ల వైపే తిరిగి ఉండేది. ముల్లు ఎటు మొగ్గిందో ముందు వాళ్లు చూడాలి, తర్వాతే పొట్లం కట్టాలి. ఆ దుకాణం గల్లా పక్కన కూర్చుని పెరిగిన పిల్ల కాబట్టి లోకమంతా అలాగే నడుస్తుందనుకుంది. ఇల్లిల్లూ తిరిగి, తలుపులు తట్టి, ఊరివాళ్లకూ ఆ లెక్కే చెప్పింది.

"మీ నెత్తురుల ఏమున్నదో ముందు మీకే తెలుస్తది. ఎవలో వచ్చి చెప్పుడు కాదు, నేనే తెచ్చి చెప్త. నాది జిమ్మ, నాదే పూచీ."

ఆ మాట మీద ముందుగా చెయ్యి చాపింది కట్టమ్మ. నాట్లకూ కలుపులకూ పోయే మనిషి, ఒళ్లంతా చురుకు. చంకలో రెండేళ్ల కొడుకు మొగిలి, వెనకాల తమ్ముడు మొండయ్య. అక్క ఇంట్లోనే ఉండి బావకు సేద్యంలో ఆసరాగా ఉండేవాడు మొండయ్య. ముగ్గురి నెత్తురూ తీశారు. వేలు పొడిచినందుకు మొగిలి ఊరు పైకప్పులు లేచిపోయేలా ఏడ్చాడు. కట్టమ్మ ఇచ్చిందని మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. పొద్దువాలే సరికి డాక్టర్ల సీసాలు నిండాయి. అందరూ సుగుణను మెచ్చుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమెను హసన్‌పర్తికి బదిలీ చేశారు. ఫలితాలు వస్తే కబురు చెయ్యమని కేంద్రానికి చెప్పి వెళ్లింది. కబురు రాలేదు. డెబ్బైఏడులో మళ్లీ అదే పల్లెకు వేశారు. అప్పటికి మలేరియా ఊళ్ల మీద పడి ఊడ్చేస్తోంది.

మలేరియాకు రెండు రకాల గోళీలు ఇచ్చేవాళ్లు. ఒకటి జ్వరం దించేది. రెండోది ఒంట్లో దాక్కున్న రోగాన్ని కూడా పీకి పారేసేది. మొండయ్య రెండూ మింగాడు. మొదటిది మేలే చేసింది. రెండో రకం మొదలుపెట్టిన మూడో రోజుకు అతని మూత్రం చాయ్ డికాషన్ రంగులోకి మారింది. కళ్లు పసుపుపచ్చనయ్యాయి. వరంగల్ పెద్ద దవాఖానకు చేర్చేలోపే మనిషి సగమైపోయాడు. చేర్చాక మిగతా సగం కూడా దక్కలేదు.

అక్కడి డాక్టరు సుగుణను పక్కకు పిలిచి విషయం చెప్పాడు. కొంతమంది నెత్తురు పుట్టుకతోనే బలహీనంగా ఉంటుందట. మామూలుగా ఏమీ తెలియదట. ఈ రెండో గోళీ పడితే మాత్రం నెత్తురు లోపల్లోపలే విరిగిపోతుందట. అది తల్లుల వైపు నుంచి మగపిల్లలకు వస్తుందట, కాబట్టి ఇతని అక్క కొడుకులు ఉంటే జాగ్రత్త అన్నాడు. చిన్న పరీక్షతో ముందే తెలిసిపోతుంది, కానీ అది హన్మకొండ కేంద్రంలో తప్ప ఇక్కడ లేదు, వాళ్లెవరైనా ఎప్పుడైనా చేశారా అని అడిగాడు.

చేశారు. మూడేళ్ల కిందట చేశారు. ఆ కేంద్రం వాళ్లు వెతికిందే ఈ లోపం కోసం. మొండయ్య నెత్తురు సంగతి హన్మకొండలో ఒక ఇనుప బీరువాకు తెలుసు. మొండయ్యకు తెలియదు, అతని అక్కకు తెలియదు, జిమ్మ అన్న సుగుణకు తెలియదు.

ఆమె ఒళ్లు మండిపోయింది. మర్నాడే కేంద్రానికి వెళ్లింది.

కేంద్రం పెద్ద డాక్టర్ రామలింగం చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత కథ ఉండేది కాదు, ఒకసారి తిట్టుకుని మర్చిపోయేవాళ్లం. ఆయన సుగుణను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, నెమ్మదిగా వివరించాడు. తమ దగ్గర పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి; ఏ అంకె ఎవరిదో చెప్పే కాయితం బీరువాలో ఉంటుంది; దాన్ని ఎవరికీ చూపకూడదన్నది నియమం. ఆ నియమానికి కారణం కూడా ఉంది. వేరే ఊళ్లో ఒక ఆడపిల్ల నెత్తురు మంచిది కాదట అని ఎవరో నోరు జారితే, కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల తండ్రి వచ్చి ఈ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడట.

"అందుకని ఎవరికీ చెప్పకపోవడమే అందరికీ న్యాయం అనుకున్నాం, సుగుణమ్మా" అన్నాడు రామలింగం.

సుగుణకు ఆ ఆడపిల్ల మీద జాలే కలిగింది. అయితే వరండాలో కార్డుల పెట్టెలకు మేకులు కొడుతున్న చప్పుడు ఆమె చెవిన పడుతూనే ఉంది. అవెక్కడికని అడిగింది. విదేశంలో ఒక విశ్వవిద్యాలయానికట. అక్కడివాళ్లు అడిగారు, శాస్త్రం నలుగురూ పంచుకోవలసిందే కదా, పేర్లు లేవు కాబట్టి ఇబ్బందేమీ లేదన్నాడు ఆయన.

"సముద్రం అవతలికి పోతయి గని చెరువు కిందికి రావు, అంతేనా సార్?" అంది సుగుణ.

రామలింగం మొహం చిన్నబోయింది. మాట మాత్రం మారలేదు. పైవాళ్లు కమిటీ వేస్తారు, నియమాలు తయారవుతాయి, అప్పుడు చూద్దామన్నాడు.

కమిటీ వేశారు. కమిటీ కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. వివరాలు ఎవరి సొత్తు, ముందు ఎవరు వాడుకోవాలి, మొదట వ్యాసం ఎవరి పేర పడాలి, అడిగిన ప్రతి సంస్థకూ ఇవ్వాలా, ఇస్తే తిరిగి మనకేమిటి అని పెద్దవాళ్లు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు. నెత్తురిచ్చిన వాళ్లకు చెప్పాలా వద్దా అన్నది ప్రతిసారీ ఆఖరి అంశంగా పెట్టేవాళ్లు. దాని వంతు వచ్చే సరికి భోజనాల వేళయ్యేది. సుగుణ పట్టు వదల్లేదు. సెలవు పెట్టుకుని మరీ వెళ్లి ఆ వరండాలో కూర్చునేది. ఈ నర్సమ్మతో పెద్ద తలనొప్పిగా ఉందని గుమాస్తాలు ఆమెకు వినపడేలాగానే అనుకునేవాళ్లు.

ఊళ్లో మాత్రం కట్టమ్మ అడిగేది ఒక్కటే. చేలోంచి వస్తూ దోవలో ఆపి అడిగేది, బతుకమ్మ పూలు ఏరుతూ అడిగేది. "నా పోరనికి ఆ గోలీ ఎయ్యొచ్చునా, ఎయ్యొద్దా నర్సమ్మా? ఆ ఒక్క ముచ్చట తెల్సుకొని రా." ఉన్నది ఒక్కడే కొడుకు. వాడి మేనమామ పోయిన తీరు ఆమె కళ్లారా చూసింది.

ఎనభైలో, తొలకరికి ముందు, సుగుణను కమిటీ ముందుకు పిలిచారు. ఊరివాళ్ల తరఫున ఒక మనిషి ఉండాలని కొత్తగా ఎవరికో తోచిందట. ఆ పూట ఆమె గెలిచింది. ఊరికి ఫలితాలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అయితే కాయితం పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే మనుషుల బతుకులు బజారుకెక్కకూడదు కాబట్టి వివరాలు తగ్గించాలన్నారు. ఇంటిపేరు, పేరు, ఎదురుగా మంచి నెత్తురా కాదా అన్న గుర్తు. వయసు కొట్టేశారు, తండ్రి పేరు కొట్టేశారు, ఇంటి నంబరు కొట్టేశారు. పేరే బయటపెడుతూ వయసు దాయడంలో ఏం మర్మముందో దేవుడికెరుక. కమిటీ అన్నాక ఏదో ఒకటి దాయకపోతే పని చేసినట్టుండదు.

"వయసన్న ఉంచుండ్రి సార్" అని సుగుణ అడగకపోలేదు.

వయసు కావాలంటే మళ్లీ ఢిల్లీ అనుమతి కావాలి, ఇంకో ఏడాది పడుతుందన్నాడు రామలింగం. "ఒక ఇంట్లో ఒక పేరుకు ఒక్క మనిషే కదమ్మా ఉండేది?" అన్నాడు.

నిజమే కదా అనిపించింది సుగుణకు. మట్టెవాడలో వాళ్లింట్లో లక్ష్మీనారాయణ ఒక్కడే. మబ్బులు పడుతున్నాయి, దోమలు లేచే కాలం. ఏడాది ఆగితే ఇంకెంతమంది మొండయ్యలు పోతారోనన్న భయం ఆమెది. సంతకం పెట్టింది.

ఆ కాయితంతో ఊరంతా తిరిగింది. లోపం ఉన్న మగవాళ్లకు, ఆడవాళ్లకు ఎవరి చెవిలో వాళ్లకు చెప్పింది. జీపు వచ్చిపోయాక పుట్టిన పిల్లలకు ఎవరికీ పరీక్ష కాలేదు కాబట్టి వాళ్లకు రెండో గోళీ వెయ్యొద్దని తల్లులకు గట్టిగా చెప్పింది. అందరికంటే సంతోషంగా కట్టమ్మ గడప తొక్కింది. మొగిలి పేరు ఎదురుగా మంచి నెత్తురు అని ఉంది. ఆ మాట విని కట్టమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఆరేళ్లుగా మోస్తున్న మాట బరువు దిగిపోయి, సుగుణకు ఆ పూట నడక గాలిలో తేలినట్టుంది.

ఆ వానల్లోనే మొగిలికి చలిజ్వరం వచ్చింది. మలేరియా ఉద్యోగి పాండురంగం పరీక్ష చేయించి రెండు రకాల గోళీలూ తెచ్చాడు. మొదటి రకం వేసింది కట్టమ్మ. రెండో రకం చూడగానే వాకిట్లోకి విసిరికొట్టింది. తమ్ముణ్ని మింగిన గోళీ అది, కాయితం ఏం చెప్పినా చెయ్యి రావడం లేదంది. పాండురంగం బతిమాలి, విసిగి, సుగుణను పిలుచుకొచ్చాడు.

సుగుణ కాయితం తీసి మరోసారి చూసుకుంది. గడపలో కూర్చున్న పిల్లవాణ్నీ చూసింది. జీపు నాటికి చంకలో ఉన్నవాడు; అప్పుడు ఎన్నేళ్లో ఆమెకు గుర్తులేదు, కాయితంలోనూ లేదు, ఇప్పుడు ఏడేళ్లయినా ఉండాలి. ఆమె తిరిగొచ్చిన నాడూ వీడు వయసుకు చాలనట్టే ఉన్నాడు, ఇప్పుడూ పిడికెడంతే. కానీ గంజి తాగి పెరిగే పిల్లలు అందరూ పిడికెడంతే ఉంటారు. ఆ ఊళ్లో ఎదుగుదల చూసి వయసు చెప్పడం ఎవరి తరమూ కాదు. అయినా ఒక మాట అడగడం మంచిదనుకుంది.

"కట్టమ్మా, జీపు వచ్చిన దినం మొగిలి నెత్తురు ఇచ్చినవు గదా?"

"ఇచ్చిన గదా నర్సమ్మా. ఏలు పొడిస్తె ఎంత ఏడ్సిండు నా కొడుకు. నువ్వే గద ఎత్తుకున్నవు."

అవును, ఎత్తుకుంది. ఆ ఏడుపు ఆమెకూ గుర్తుంది. ఇంక అనుమానం దేనికి? సుగుణ గోళీని పొడి చేసి, బెల్లం ముక్కలో పెట్టి, తన చేత్తోనే మొగిలి నోట్లో వేసింది. చేదు తగలకుండా నీళ్లు తాగించింది. ఉన్న పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు వాడు. మర్నాడూ వచ్చి తనే వేసింది.

మూడో రోజు పొద్దున కట్టమ్మ పిల్లవాణ్ని భుజాన వేసుకుని సుగుణ గుమ్మంలోకి వచ్చింది. వాడి తడిసిన లాగు చూపించింది. ఆ రంగు సుగుణ ఇంతకుముందు చూసిన రంగే.

అదే పెద్ద దవాఖానకు, అదే దోవన తీసుకుపోయారు. నెత్తురు ఎక్కించారు. ఎక్కించే ముందు తీసిన వాడి నెత్తురును కేంద్రంలో పరీక్ష చేయించిన డాక్టరు, ఇంత స్పష్టంగా లోపం ఉన్న పిల్లవాడికి ఈ గోళీ ఎవరిచ్చారని అడిగాడు. నేనే ఇచ్చానంది సుగుణ. ఆయన ఆమె వైపు చూసిన చూపు కంటే చెంప పగలగొట్టినా బాగుండేది. మొగిలి మర్నాటి మధ్యాహ్నానికి పోయాడు.

దినాలయ్యాక సుగుణ ఆ ఇంటికి వెళ్లింది. తిడతారేమో, తిడితే బాగుండునని వెళ్లింది. కట్టమ్మ తిట్టలేదు. పీట వేసింది. కాయితం తప్పెట్లా చెప్పిందని ఇద్దరూ మాట్లాడుకుంటుంటే, మూలన కూర్చున్న కట్టమ్మ అత్త బక్కమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, వాడు పోవడం ఇది రెండోసారి అంది.

అప్పుడు బయటపడింది. జీపు వచ్చిన ఏడాదే, సుగుణ హసన్‌పర్తి పోయాక, చంకలో ఏడ్చిన ఆ మొగిలి వాంతులు, విరేచనాలతో పోయాడు. మరుసటేడు ఇంకో మగపిల్లవాడు పుట్టాడు. మొగిలి అన్నది ఆ ఇంటి దేవరకు మొక్కిన పేరు. పెద్దకొడుక్కు ఆ పేరు ఉండి తీరాలి, ఇంట్లో అది ఖాళీగా ఉండకూడదు. కాబట్టి పుట్టినవాడికి అదే పెట్టారు. ఒకసారి పెట్టాక, పోయినవాడి ఊసు ఎత్తకూడదు. ఎత్తితే వీడూ వెళ్లిపోతాడని భయం. ఊళ్లోవాళ్లకు అందరికీ తెలుసు, అందరూ నోరు మూసుకున్నారు. కేంద్రం కాయితంలో మంచి నెత్తురు పెద్దవాడిది. వాడు పోయాడు. సుగుణ గోళీ వేసింది చిన్నవాడికి. వాడికి పరీక్షే జరగలేదు.

"నాకెందుకు చెప్పలె కట్టమ్మా?" అంది సుగుణ.

కట్టమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఏం చెప్పాలె? వాడే మళ్ల అచ్చిండు గదా. వాని నెత్తురే గదా వీనిది" అంది.

ఆమె అబద్ధం ఆడలేదు. ఒక ఇంట్లో ఒక పేరుకు ఒక్క మనిషే అని రామలింగం అన్నాడు; కట్టమ్మ నమ్మిందీ అదే. కాయితంలో జీపు నాటి వయసు, కమిటీ కొట్టేసిన ఆ రెండు అన్న ఒక్క అంకె, ఉండి ఉంటే చాలు, ఇద్దరు మొగిలీలూ వేరని తెలిసిపోయేది. గోళీ వేసిన చెయ్యి తనది కానట్టు సుగుణ దాన్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

తప్పు దిద్దమని కేంద్రానికి వెళ్లింది. కనీసం ఆ పేరు ఎదురుగా మనిషి లేడని రాసుకోమంది. రామలింగం నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కానీ కార్డులు ఎప్పుడో మూసేశారు, ఎన్నో చోట్లకు పంచేశారు, పంచిన వాటిని వెనక్కి పిలిచి దిద్దే పద్ధతి నియమాల్లో లేదు. పంచడానికైతే పద్ధతి పెట్టుకున్నారు. తెప్పించుకోవడానికి పెట్టుకోవాలని ఎవరికీ తట్టలేదు. కాబట్టి ఇప్పటికీ సముద్రం అవతల ఏదో పెట్టెలో మొగిలి నెత్తురు భేషుగ్గా ఉంది.

మరుసటి ఏడు నియమాలన్నీ పుస్తకంగా అచ్చు వేశారు. నున్నని కాయితం, గట్టి అట్ట. సుగుణకూ ఒకటి పంపారు. క్షేత్రస్థాయిలో ఒక సిబ్బంది ఫలితాలను సరిగా అర్థం చేసుకోకపోవడం వల్ల జరిగిన దురదృష్టకర ఘటన దృష్ట్యా, ఇకముందు గ్రామస్థులకు ఫలితాలు తెలియజేయకూడదని అందులో ఉంది. ఇతర సంస్థలతో పంచుకోవడం యథాప్రకారం కొనసాగుతుందట. ఆ ఒక సిబ్బంది పుస్తకం మూసి, మళ్లీ తెరవలేదు.

ఎనభైమూడులో జీపు మళ్లీ వచ్చింది. ఈసారి కొత్తగా పుట్టిన పిల్లల కోసం. సుగుణ ఎవరి తలుపూ తట్టలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. అయినా కట్టమ్మ వచ్చింది. చంకలో ఏడాది దాటిన మగపిల్లవాడు. మొగిలి పోయాక పుట్టినవాడు. వస్తూనే వాడి చెయ్యి ముందుకు చాపింది.

గుమాస్తా కలం తీసి పేరడిగాడు.

"పేరు లేదు" అంది కట్టమ్మ.

ఇంత పెద్ద పిల్లవాడికి పేరు లేకపోవడమేమిటన్నాడు గుమాస్తా. పేరు లేకుండా కార్డు ఉండదు, కార్డు లేకుండా పరీక్ష ఉండదు, ఏదో ఒక పేరు చెప్పమన్నాడు. ఆ పేరును మళ్లీ వాళ్లే బీరువాలో దాచి పైన అంకె వేసుకుంటారని సుగుణకు తెలుసు. దేవర పేరు ఇంట్లో ఖాళీగా పెట్టి కట్టమ్మ ఎంత భయపడుతూ బతుకుతోందో కూడా తెలుసు. పక్కకు తీసుకుపోయి మెల్లగా చెప్పింది. చెప్పకూడదన్న నియమం ఎప్పటికైనా మారితే వీడికైనా ముందే తెలియాలి కదా, ఇంకేదైనా పేరు చెప్పు, రాయించుకుని పోదామంది.

కట్టమ్మ ఆమె మొహంలోకి చూసింది. కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"నెత్తురు ఎంత గావాల్నో తీస్కో నర్సమ్మా. పేరు మాత్రం ఇయ్య. పేరిస్తె మీ కాయితంల బతుకుతాండు, నా ఇంట్ల సస్తాండు."

గుమాస్తా తర్వాతివాళ్లను రమ్మన్నాడు. సూది ఆ పిల్లవాడి వేలు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి జిమ్మ అనడానికి సుగుణ దగ్గర ఏమీ మిగల్లేదు. కట్టమ్మ పిల్లవాణ్ని కిందికి దింపి, వేలు పట్టుకుంది.

"దా పిలగా, పోదాం" అంది.

వాడు వెనక్కి తిరిగి జీపును చూసుకుంటూ నడిచాడు. వానాకాలం రావడానికి ఇంకా నెల రోజులుంది.